ఇంటిలోనే వలసపోయే కాశ్మీరం

కాశ్మీరు అనగానే మన మనస్సులో మెదిలేవి సరస్సులు, పడవ ఇళ్లు, చినార్ వృక్షాలు, మంచు కప్పిన శిఖరాలు. యాత్రికుడు చూసి వచ్చేది సాధారణంగా ఇంటి వెలుపలి కాశ్మీరాన్నే. కాని ఏడాదిలో నాలుగైదు నెలలపాటు ఆ లోయ ప్రజల బతుకు చాలావరకు ఇంటి లోపలే గడుస్తుంది. ఆ ఇల్లు ఎటువంటిదో తెలుసుకోకుండా కాశ్మీరాన్ని చూశామనుకోవడం, గాలిగోపురానికి నమస్కరించి గర్భగుడిని దర్శించామనుకోవడం వంటిదే.

శ్రీనగరం సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున, జీలం నదికి ఇరువైపులా విస్తరించిన పట్టణం. మన పూర్వులు వితస్త అని పిలిచిన నది ఇదే. అక్కడి చలికాలానికి ప్రత్యేకంగా ఒక పంచాంగం ఉంది. డిసెంబరు 21న ‘చిల్లై కలాన్’ ప్రవేశిస్తుంది. అది 40 రోజుల మహాశీతలం. దాని వెనుక 20 రోజుల ‘చిల్లై ఖుర్ద్’, ఆ తరువాత 10 రోజుల ‘చిల్లై బచ్చా’ వస్తాయి. పెద్దచలి, చిన్నచలి, పిల్లచలి అని మనం తెలుగు చేసుకోవచ్చు. 1893లో శ్రీనగరంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 14.4 డిగ్రీలకు పడిపోయింది. అంత పాత లెక్క అక్కరలేదు. 2024 డిసెంబరు 20, 21 తేదీల నడిమి రాత్రి సున్నాకు దిగువన 8.5 డిగ్రీలు నమోదైంది. ఆరున్నర నెలలు తిరగకముందే, 2025 జూలై 5న, అదే పట్టణంలో ఎండ 37.4 డిగ్రీలకు చేరింది. రెంటికీ నడుమ దాదాపు 46 డిగ్రీల అంతరం!

ఒకే ఇల్లు, ఒకే కుటుంబం ఈ రెండు కాలాలనూ ఎలా దాటుతున్నాయి? విద్యుత్తు లేని రోజుల్లో ఎలా దాటాయి? ఒక జనవరి మాసంలో ఆ పట్టణానికి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు నాకు కళ్లారా చూసే అవకాశం కలిగింది.

చలికి అద్దెకిచ్చిన గదులు

పాత పట్టణంలో, జైనా కదల్ వంతెనకు కొంత దూరాన, ఒక ఇరుకు సందులో ఆ ఇల్లు ఉంది. యజమాని డెబ్బయ్యవ పడి దాటిన విశ్రాంత ఉపాధ్యాయుడు. పొడుగాటి ఉన్ని ఫిరన్ ధరించి, ఎదురువచ్చి నన్ను లోపలికి తీసుకువెళ్లారు. బయటినుంచి చూస్తే మూడంతస్తుల పెద్ద భవనం. లోపల మాత్రం ఇంటిల్లిపాదీ కింది అంతస్తులోని ఒక్క గదిలో కూర్చుని ఉన్నారు.

“ఈ ఇంట్లో చిన్నవీ పెద్దవీ కలిపి 14 గదులున్నాయి, జనాబ్. మేము ఏడుగురం. మార్చి వచ్చేదాకా మా కాపురం ఈ ఒక్క గదిలోనే. మిగతా పదమూడింటినీ చలికి అద్దెకిచ్చాం” అన్నారాయన నవ్వుతూ.

ఉప్పు వేసిన గులాబీరంగు టీ సేవించిన తరువాత ఆయన నాకు ఇల్లంతా చూపించారు. కింది అంతస్తు గోడలు మందమైనవి, కప్పు తక్కువ ఎత్తు, కిటికీలు చిన్నవి. కూర్చునే గది దక్షిణానికి తిరిగి ఉంది. చలికాలపు సూర్యుడు దక్షిణాన వాలి నడుస్తాడు కనుక ఆ కాస్త ఎండా ఆ గదిలోనే పడుతుంది. మెట్లెక్కిన కొద్దీ మా ఊపిరి పొగలై కనిపించసాగింది. రెండవ అంతస్తు గదులకు తాళాలు. అన్నిటికన్నా పైన, ఇంటి పొడవునా ఒక విశాలమైన గది. మూడువైపులా కిటికీలు, నదివైపు ముందుకు పొడుచుకు వచ్చిన చెక్క వసారా. దానిని ‘జూన్ దబ్’ అంటారు. ‘జూన్’ అంటే చందమామ. వెన్నెల రాత్రులలో కూర్చునే చోటు కనుక ఆ పేరు. మేము వెళ్లిననాడు అక్కడ మనుషులు లేరు. దూలాలకు సొరకాయ, వంకాయ వరుగులు దండలుగా వేలాడుతున్నాయి.

ఈ పై గదిని కాశ్మీరీలో పిలిచే మాట తెలుగు చెవికి దాదాపు ‘కానీ’ అన్నట్టు వినిపిస్తుంది. మన భాషలో సందేహాన్ని సూచించే ఆ మాట వారికి వేసవి సుఖాన్ని గుర్తుకు తెస్తుంది. ఎండలు ముదరగానే పరుపులు, పాత్రలు, పిల్లల పుస్తకాలు మెట్లెక్కి పైకి వస్తాయి. అక్టోబరు చివర మళ్లీ దిగుతాయి. బకర్వాల్ పశుపాలకులు వేసవికి తమ మందలతో పర్వతాలెక్కి, చలికాలానికి పల్లాలకు దిగివస్తారు. పట్టణవాసి అదే వలసను తన ఇంటి మెట్ల మీద సాగిస్తాడు.

ఇంటిని కట్టిన పద్ధతి కూడా ఈ వలసకు అనుగుణంగానే ఉంటుంది. కింది భాగాన్ని ‘తాక్’ పద్ధతిలో కడతారు. అంటే బలమైన ఇటుక స్తంభాలు, వాటిని అంతస్తు అంతస్తుకూ కట్టివేసే నిచ్చెనవంటి చెక్క పట్టీలు. మందమైన గోడ వేడిని మెల్లగా తాగి మెల్లగా విడుస్తుంది. పై భాగానిది ‘ధజ్జీ దేవారీ’ పద్ధతి. చెక్క చట్రాల నడుమ ఇటుక ముక్కలు, మట్టి నింపిన పలుచని గోడ అది. ఆ పేరుకు అతుకుల బొంతవంటి గోడ అని అర్థం చెప్పుకోవచ్చు. పగలు కాగినా అది రాత్రికి త్వరగా చల్లబడుతుంది. భూకంపం వచ్చినప్పుడు విరిగిపడకుండా ఊగి నిలవడం దీనికున్న మరో సుగుణం. 2005 అక్టోబరు 8 నాటి భూకంపంలో ఈ సంగతి మరొకసారి రుజువైంది.

పూర్వం పైకప్పు మీద భోజపత్రపు బెరడు పరచి, దానిపై మట్టి పోసేవారు. వసంతంలో ఆ మట్టిలో పూలు పూసేవి. జాలీ కిటికీలకు చలికాలంలో కాగితం అంటించేవారు. వసంతం రాగానే చించివేసేవారు. అంటే ఆ కిటికీ ఆరు నెలలు గోడ, ఆరు నెలలు కిటికీ!

ఒక మాట కోసం వెతుకులాట

ఆ రోజులలో నేను గృహనిర్మాణానికి సంబంధించిన ఒక ఆంగ్ల గ్రంథాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక అధ్యాయం ఇంటిని ‘జోన్’లుగా విభజించి వేడినీ చల్లదనాన్నీ అందించే పద్ధతి గురించి. జోన్‌కు నిఘంటువులు చెప్పే అర్థం ‘మండలం’. ఉష్ణమండలం, శీతమండలం వరకు బాగానే ఉంది. కాని 1985లో ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు ఏర్పడిన తరువాత, ఆ మాట వినగానే తెలుగువాడికి మొదట గుర్తుకు వచ్చేది మండలాఫీసు. పడకగదిని మండలమంటే దానికొక తహసీల్దారును కూడా నియమించవలసి వస్తుందేమో!

మాట సంగతి అలా ఉంచి, విషయం చూద్దాం. చలిదేశాల ఇళ్లలో నేలమాళిగలో ఒక కొలిమి ఉంటుంది. దానిలో కాగిన గాలి గొట్టాల ద్వారా, లేదా కాగిన నీరు పైపుల ద్వారా గదులన్నిటికీ వెళుతుంది. ఇల్లంతటికీ ఒకే మీట ఉంటే, ఎవరూ లేని గదులు కూడా రోజంతా వెచ్చగా ఉంటాయి. ఇంధనం వృథా అవుతుంది. అందుకని గొట్టాలలో అక్కడక్కడ తెరుచుకుని మూసుకునే రెక్కలు అమర్చి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క థర్మోస్టాట్ పెడతారు. పగలు కూర్చునే గది, రాత్రి పడకగది వెచ్చబడతాయి. చల్లబరచే యంత్రాలకూ ఇదే సూత్రం.

దీని వెనుక ఒక బడిపంతులు కథ ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ పట్టణంలో వారెన్ జాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. తరగతి గది వెచ్చగా ఉన్నదో లేదో చూడడానికి బడి పనివాడు పదేపదే లోపలికి వచ్చి పాఠానికి అంతరాయం కలిగించేవాడు. విసిగిపోయిన జాన్సన్, గదిలో వేడి హెచ్చినా తగ్గినా కింద కొలిమి దగ్గర గంట మోగే విద్యుత్ సాధనాన్ని తయారుచేశాడు. 1883లో దానికి పేటెంటు లభించింది. 1895లో, గాలి ఒత్తిడితో ఒక్కొక్క గది ఉష్ణోగ్రతను దానంతట అదే సరిచేసే పద్ధతికి కూడా ఆయన పేటెంటు పొందాడు. నేటి గదివారీ నియంత్రణకు మూలాలు అక్కడ ఉన్నాయి.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఇల్లంతటికీ సరిపడేలా అమర్చిన యంత్రానికి కేవలం గదుల రంధ్రాలు మూసివేసినంత మాత్రాన పొదుపు సిద్ధించదు. వెళ్లే దారిలేని గాలి గొట్టాలలో ఒత్తిడి పెంచుతుంది, యంత్రం దెబ్బతినవచ్చు. కనుక విభజన ముందుగానే ఇంటి కట్టడంలో, గొట్టాల అమరికలో ఉండాలి. కాశ్మీరు తాపీ మేస్త్రీలకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. జాన్సన్ యంత్రం వేడిని మనుషులున్న గదికి పంపింది. కాశ్మీరు ఇల్లు మనుషులను వేడి ఉన్న గదికి పంపింది.

రాతి కింద నిప్పు

ఉపాధ్యాయుని ఇంటిలో ఆ ఒక్క గది వెచ్చగా ఉండడానికి కారణం మా కాళ్ల కింద ఉంది. గదికి చెక్క నేల లేదు. చిన్న చిన్న స్తంభాల మీద రాతి పలకలు పరిచారు. వాటి కింద బోలు. ఒక చివర వెలుపలినుంచి కట్టెలు పెట్టే పొయ్యి, దానిమీద గోడలో ఇమిడ్చిన రాగి గంగాళం. కట్టెలు మండినప్పుడు గంగాళంలో నీళ్లు కాగుతాయి. వేడి పొగ రాతి పలకల కింద పాకి, అవతలి గోడలోని గొట్టం గుండా పైకి పోతుంది. నిప్పు ఆరిపోయినా రాయి గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పలకల మీద చాపలు, వాటి మీద నమ్దా పరచుకొని కూర్చుంటారు, అక్కడే పడుకుంటారు. దీని పేరు ‘హమామ్’.

రోమనుల స్నానశాలలలో, కొరియా ఇళ్లలోని ‘ఒండోల్’లో ఇదే సూత్రం కనిపిస్తుంది. కాశ్మీరుకు హమామును 16వ శతాబ్దంలో మీర్జా హైదర్ దుగ్లాత్ తెచ్చాడని చెబుతారు. చాలాకాలం అది మసీదులకూ సంపన్నుల భవనాలకూ పరిమితమై ఉండేది. చలి రోజులలో మసీదు హమాములో ముసలివారు చేరి ఊరి సంగతులు చెప్పుకునేవారు. మధ్యతరగతి ఇళ్లలో హమాము వాడుక పెరిగినది ఇటీవలి దశాబ్దాలలోనే.

హమాము లేని చోట ‘బుఖారీ’ ఉంటుంది. అది పొగగొట్టం గల రేకు పొయ్యి. ఇక పేదకూ ధనికుడికీ సమానమైనది ‘కాంగ్రీ’. బుట్టలో ఇమిడిన మట్టి కుంపటి అది. దానిని ఫిరన్ లోపల పొట్టదగ్గర పట్టుకొని తిరుగుతారు. శరత్తులో రాలిన చినార్ ఆకులను స్త్రీలు పోగుచేసి తగులబెట్టి, నీళ్లు చిలకరించి బొగ్గు చేసుకుంటారు. కుంపటికి వేలాడే చిన్న గరిటెతో నిప్పును కదుపుతూ ఉంటే గంటల తరబడి నిలుస్తుంది. ఇల్లు, ఇంటిలో ఒక అంతస్తు, అంతస్తులో ఒక గది, చివరకు ఒక మనిషి ఫిరన్ లోపలి జానెడు చోటు. వెచ్చదనాన్ని ఇంతకన్నా సన్నగా విభజించిన థర్మోస్టాట్ ఏదీ నాకు తెలియదు.

వెచ్చదనానికి చెల్లించే వెల

ఇదంతా విని పాత ఇంటిని స్వర్గమనుకుంటే పొరపాటు. ఏళ్లతరబడి కాంగ్రీ వేడి తగిలిన తొడల మీద, పొట్ట మీద చర్మం కమిలి, కొందరిలో కాన్సరుగా మారుతుంది. ఎల్మ్స్‌లీ అనే మిషనరీ వైద్యుడు 1866లోనే దీనిని వర్ణించాడు. వైద్యగ్రంథాలలో నేటికీ దాని పేరు ‘కాంగ్రీ కాన్సర్’. మూసిన గదిలో బొగ్గు గాని గ్యాస్ హీటరు గాని వెలిగించి నిద్రిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో కాశ్మీరు పత్రికలలో ఇటువంటి మరణవార్తలు చదవవలసి రావడం విషాదం. గాలి వచ్చేందుకు కాస్త సందు వదిలితే చలి వస్తుంది. వదలకపోతే ప్రాణం పోతుంది. హమాముకు కట్టెలు కావాలి. కట్టెలకు అడవులు కావాలి. ఆకులు ఏరేదీ, బొగ్గు చేసేదీ ఎక్కువగా స్త్రీలే.

మరొక వెల ఉంది. దానిని నాకు చెప్పినది ఉపాధ్యాయుని మనుమరాలు. పన్నెండవ తరగతి చదువుతున్న ఆ పిల్ల, మేము తిరిగి వచ్చేసరికి పక్కనున్న చల్లని గదిలో రెండు దుప్పట్లు కప్పుకొని, ఒడిలో కాంగ్రీ పెట్టుకొని లెక్కలు చేసుకుంటున్నది.

“తాతగారికి అందరూ ఒకేచోట ఉండడం ఇష్టం. నాకూ ఇష్టమే. కాని అక్కడ టీవీ, కబుర్లు, వచ్చేపోయే చుట్టాలు. పరీక్షలకు చదివేదెలా? మీరే చెప్పండి” అన్నది.

నేను చెప్పలేకపోయాను. వెచ్చని గది ఒక్కటే అయినప్పుడు కుటుంబం దగ్గరవుతుంది. కాని ఏకాంతం కోరేవారికి చలి తప్పదు. ఆ ఇంట్లో చలికాలమంతా సాగే మౌనవివాదం ఇదే.

విప్పబోయే ఇల్లు

ఆ వివాదానికి తొందర కలిగించే సంగతి మరొకటి ఉంది. ఆ ఇంటిని విప్పి, చెక్కనూ ఇటుకనూ అమ్మివేసి, పట్టణం అంచున కొత్త ఇల్లు కట్టాలని ఉపాధ్యాయుని కుమారుడు నిశ్చయించాడు. ఆయన కారణాలు తేలికగా తోసివేయదగినవి కావు. 2014 సెప్టెంబరు వరదలో శ్రీనగరంలోని అనేక పేటలలో కింది అంతస్తులు నీట మునిగాయి. అంటే ఏ గదులైతే చలికాలంలో ప్రాణాధారమో అవే మునిగాయన్నమాట. సందులోకి కారు రాదు. చెక్కపనివారు దొరకడం కష్టం.

కొత్త పేటలలోని ఇళ్లు నేను చూశాను. సిమెంటు గోడలు, రేకు కప్పులు, పెద్ద పెద్ద గాజు కిటికీలు. ప్రతి గదిలో హీటరుకు సాకెట్టు ఉంటుంది. కాని అందరూ ఒకేసారి హీటర్లు పెట్టే నెలలలోనే కరెంటు కోత కూడా. అప్పుడు గాజు గుండా వేడి పారిపోయి, పది గదుల ఇల్లు పది గదుల మంచుపెట్టె అవుతుంది. అందుకే అటువంటి ఇళ్లలో కూడా ఇప్పుడు ఒక హమాము కడుతున్నారు. యంత్రాన్ని నమ్మి విశాలంగా కట్టినవారు చలి ముదరగానే తాతల గదికే తిరిగి వస్తున్నారు.

కుమారుడు కొత్త ఇంటి పటాన్ని తెచ్చి నేల మీద పరిచాడు. అందులో హమాము ఒక మూల ఉంది; దాని పొగగొట్టం నేరుగా బయటి గోడలోకి పోతున్నది. మనుమరాలు పెన్సిలు తీసుకొని హమామును ఇంటి నడిమికి జరిపింది. దాని అవతలి గోడకు ఆనించి ఒక చిన్న గది గీసింది.

“పొగగొట్టం ఈ గోడలోంచి పోనివ్వండి. బయటకు పోయే వేడి నా గదికి చాలు” అన్నది.

తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. నడిమికి జరిపితే కట్టెలు పెట్టేదెలా, మసి తీసేదెలా, గోడ బీటవారితే పొగ లోపలికి రాదా అని అడిగాడు. అవన్నీ అడగవలసిన ప్రశ్నలే. తాతగారు మాత్రం పటాన్ని కళ్లద్దాల దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసి, “మేస్త్రీని పిలుద్దాం” అన్నారు. ఒకే నిప్పుతో రెండు గదులు, ఒకటి అందరికీ, ఒకటి చదువుకునే పిల్లకు! పాత ఇంటి బుద్ధి కొత్త ఇంటికి నడిచి వెళ్లడానికి అంతకన్నా మంచి దారి నాకు తోచలేదు.

ఎండ నేలలకు కూడా

మైదానాలలో ఉండే మనకు ఈ చలి ముచ్చట ఎందుకని పాఠకులు అడగవచ్చు. మన సమస్య తలకిందులుగా ఉన్న ఇదే సమస్య. తెలుగునాట మండువా ఇళ్లలో ఉదయం వీధి అరుగు మీద, మధ్యాహ్నం చీకటి గదిలో, రాత్రి డాబా మీద గడిపేవారు. అదీ ఇంటిలోని వలసే. నేడు అపార్టుమెంటులో అరుగూ లేదు, డాబా అందరిదీ కాదు. గదికొక ఏ.సి. వచ్చింది, మనుషులున్నా లేకున్నా అది తిరుగుతూనే ఉంటుంది. మన దేశంలో స్టార్ ముద్ర గల గది ఏ.సి.లన్నీ మొదట 24 డిగ్రీల వద్దనే పనిచేసేలా అమర్చాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. ఎంత చల్లదనం అన్న ప్రశ్నకు అది జవాబు. ఎక్కడ, ఎవరికి, ఏ వేళకు అన్న ప్రశ్నలకు జవాబు ఇంటి యజమానే చెప్పుకోవాలి.

గదులన్నిటినీ ఒకేసారి చల్లబరచడం కన్నా, పడమటి ఎండ తగలని ఒక గదిని ఎంచుకొని, కిటికీకి బయట నీడ కల్పించి, తలుపు సందులు మూసి, వేసవి రాత్రులు ఇంటిల్లిపాదీ అక్కడ పడుకోవడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. పరీక్షలకు చదివే పిల్ల ఉంటే ఆమెకు మరో చిన్న గది కేటాయించవచ్చు.

నేను అనువదిస్తున్న గ్రంథంలో చివరకు ‘జోన్’కు ‘తావు’ అని రాశాను. వెచ్చని తావు, చల్లని తావు. తహసీల్దారు అక్కరలేని మాట, మనుషులు కూర్చునే చోటును చెప్పే మాట. ఇల్లు కట్టుకోబోయేవారు పటం గీయించే ముందు ఒక కాగితం మీద ఏ కాలంలో, ఏ వేళలో, ఎవరు ఏ తావున ఉంటారో రాసుకుంటే మంచిది. ఎన్ని టన్నుల యంత్రం కావాలన్న లెక్క ఆ తరువాత వేసుకోవచ్చు.